హడావిడి ఉదయాల్లో టిఫిన్ ఎలా చేయాలి: రాత్రి పని, పొద్దుటి పని

తిరుపతిలోనో చిత్తూరులోనో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా వంటగది ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు. శ్రీసిటీకో రేణిగుంట వైపు కర్మాగారాలకో వెళ్లే షిఫ్టు బస్సు వీధి మలుపులో ఎక్కువసేపు ఆగదు. రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో ఉదయం డ్యూటీ పడినవారు ఇంటిల్లిపాదీ లేవకముందే బయలుదేరాలి. వారు గడప దాటారో లేదో పిల్లల బడి ఆటో వచ్చి హారన్ కొడుతుంది. టిఫిన్ చేయడానికి పట్టే సమయాన్ని విడదీసి చూస్తే, అందులో చాలా భాగం నానడానికీ, పులియడానికీ, వేగడానికీ, చల్లారడానికీ పోతుందని తెలుస్తుంది. వీటిలో వేగడం తప్ప మిగతావాటికి గంటలు కావాలి గాని పక్కన మనిషి నిలబడి ఉండనక్కర లేదు. ఈ నాలుగింటినీ ఆదివారానికీ, రాత్రి భోజనాల తరువాతి పావుగంటకూ జరిపేస్తే, పొద్దుటికి మిగిలేవి పొయ్యి వెలిగించడం, తిరగవాత పెట్టడం, వడ్డించడం మాత్రమే. కింద చెప్పే పద్ధతి అంతా నలుగురున్న ఇంటికి, రెండు పొయ్యిల స్టవ్‌కు సరిపోయేలా రాసినది.

మొదట చట్నీ సంగతి తేల్చుకోండి

చాలామంది ఏ టిఫిన్ త్వరగా అవుతుందా అని ఆలోచిస్తారు. ఇడ్లీ పన్నెండు నిమిషాల్లో ఉడుకుతుంది, ఉప్మా పది నిమిషాల్లో అవుతుంది. వాటి పక్కకు చట్నీ చేయడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. టెంకాయ కొట్టాలి, కోరాలి, పప్పులు వేయించాలి, మిక్సీ కడగాలి, మళ్లీ తిరగవాత పెట్టాలి. పైగా మన ఎండలకు టెంకాయ చట్నీ మధ్యాహ్నానికే పాడవుతుంది కనుక ముందురోజు చేసి బయట పెట్టుకునే వీలు కూడా లేదు. అందుచేత ఈ ప్రణాళికలో మొట్టమొదటి మెట్టు, పది రోజులు నిలవ ఉండే పొడిని ఒకటి సిద్ధం చేసుకోవడం.

శనక్కాయలు పండే జిల్లాలో ఉన్నవారికి ఇందుకు వెతుకులాట అక్కర లేదు. సంగటిలోకి మనం నూరుకునే శనక్కాయల పచ్చడి, ఊరుబిండినే రెండు భాగాలుగా చేసుకోవచ్చు: తడి తగలని భాగం ఆదివారం, తడి భాగం తినే ముందు.

కప్పు శనక్కాయ విత్తనాలను ముందుగా పళ్లెంలో పోసి ఏరండి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన ఉన్నవి నిర్దాక్షిణ్యంగా పారేయండి. బూజు పట్టిన శనక్కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఏర్పడుతుంది, అది వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. ఏరిన విత్తనాలను మందపాటి బాణలిలో, నూనె లేకుండా, సన్నని సెగ మీద వేయించాలి. మొదటి నాలుగైదు నిమిషాలు ఏమీ జరుగుతున్నట్టు కనిపించదు. ఆ తొందరలో సెగ పెంచితే పైన నల్లబడి లోపల పచ్చిగా మిగులుతాయి. కాసేపటికి ఒక్కొక్కటే చిటపటమంటూ పొట్టు మీద గోధుమరంగు మచ్చలు తేలతాయి. అప్పుడు ఒక గింజను తీసి, ఊది, వేళ్ల మధ్య నలిపి చూడండి: పొట్టు పొరలాగా ఊడివచ్చి, బద్ద లేత బంగారు రంగులో ఉంటే పొయ్యి కట్టేయవచ్చు. బాణలిలోనే వదలకుండా వెంటనే పళ్లెంలోకి మార్చాలి, లేకుంటే ఆ వేడికే మరికాస్త మాడతాయి.

అదే బాణలిలో ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర, ఉసిరికాయంత చింతపండు వేసి చింతపండు తడి ఆరేదాకా వెచ్చబెట్టండి. అన్నీ పూర్తిగా చల్లారిన తరువాతే మిక్సీలో వేయాలి. వేడి మీద తిప్పితే శనక్కాయల్లోంచి నూనె కారి ముద్దయిపోతుంది. మిరపకాయలు, చింతపండు, ఉప్పు ముందు మెత్తగా చేసి, విత్తనాలు చివర వేసి, మిక్సీని ఆపి ఆపి మూడు నాలుగుసార్లు తిప్పితే చాలు. కాస్త పలుకుగా ఉండడమే ఊరుబిండికి అందం. ఇది తడి లేని గాజు సీసాలో పది పన్నెండు రోజులు బాగుంటుంది. పొద్దున రెండు గరిటెల పొడిలో కొద్దిగా నీళ్లు పోసి కలిపి, సన్నగా తరిగిన ఎర్రగడ్డ సగం, చిదిమిన తెల్లగడ్డ రెబ్బలు రెండు చేర్చితే నిమిషంలో ఊరుబిండి సిద్ధమవుతుంది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ మాత్రం ముందే కలిపి పెట్టకండి, నీరు ఊరి పొడి చెడిపోతుంది. ఇదే పొడిలో నీళ్లకు బదులు నెయ్యి వేస్తే ఇడ్లీకి, గడ్డ పెరుగు వేస్తే పొంగనాలకు బాగా కుదురుతుంది.

వేయించిన పప్పులు, ఎండుమిరపకాయలు, ఎండుకొబ్బరి, ఉప్పు కలిపి కొట్టిన పప్పుల పొడి కూడా ఒక చిన్న సీసాడు ఉంటే మంచిది. బొరుగుల దగ్గర దాని అవసరం పడుతుంది.

ఆదివారం పిండి రుబ్బుకోవడం, దాన్ని వారం మీద పంచుకోవడం

తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్నందువల్ల మన ప్రాంతంలో ఇడ్లీ రవ్వతో పాటు ఇడ్లీ బియ్యం అనే ఉప్పుడు బియ్యం కూడా ప్రతి అంగడిలో దొరుకుతుంది. హడావిడి ఇంటికి రెండు రకాల పిండ్లు వద్దు. మూడు గ్లాసుల ఇడ్లీ బియ్యం, ఒక గ్లాసు మినపగుండ్లు, చెంచా మెంతులు చాలు. ఈ ఒక్క పిండితోనే మొదట ఇడ్లీలు, తరువాత దోసెలు, చివరకు పొంగనాలు వస్తాయి. బియ్యాన్ని విడిగా, మినపగుండ్లను మెంతులతో కలిపి విడిగా నాలుగైదు గంటలు నానబెట్టండి. మినుములు గ్రైండర్‌లో వేసిన తరువాత నీళ్లు ఒక్కసారిగా పోయకుండా చిలకరిస్తూ రుబ్బితే పిండి వెన్నలా పొంగుతుంది. చిటికెడు పిండి నీళ్ల గిన్నెలో వేసి చూసినప్పుడు అది తేలితే సరిగ్గా రుబ్బినట్టు. బియ్యం మాత్రం కొంచెం పలుకుగా ఉండగానే తీసేయాలి. ఎండాకాలంలో ఫ్రిజ్ నీళ్లతో రుబ్బడం మంచిది, ఎందుకంటే రాయి తిరిగే వేడికి పిండి వెచ్చబడి అనుకున్నదాని కంటే ముందే పులుస్తుంది.

పులియబెట్టడంలోనే చాలామందికి లెక్క తప్పుతుంది. పిండిని పులియబెట్టే బాక్టీరియా వెచ్చదనంలో చురుగ్గా, చలిలో మందంగా పని చేస్తుంది. కనుక మే నెల తిరుపతికీ, సంక్రాంతి ముందు చిత్తూరుకూ ఒకే లెక్క వేస్తే కుదరదు. ఎండాకాలంలో సాయంత్రం నాలుగుకు రుబ్బిన పిండి రాత్రి పదికల్లా పొంగిపోతుంది. దాన్ని తెల్లవార్లూ బయటే వదిలితే పొద్దున గిన్నె మూత ఎత్తగానే ఘాటు వాసన వస్తుంది, ఇడ్లీలు అణిగిపోతాయి. పడుకునే ముందే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. చలికాలంలో పన్నెండు గంటలైనా పట్టవచ్చు, గిన్నెను వండడం ముగిసిన పొయ్యి పక్కన, పైన మందపాటి గుడ్డ కప్పి ఉంచాలి. ఏ కాలంలోనైనా గిన్నెలో సగానికి మించి పిండి పోయకండి, లేదంటే పొంగిన పిండి గట్టు మీదికి కారి పొద్దున శుభ్రం చేసే పని అదనంగా పడుతుంది.

పొంగిన పిండిని మళ్లీ మళ్లీ గరిటెతో కలపవద్దు. ఆ రోజుకు కావలసినంత మాత్రం వేరే గిన్నెలోకి తీసుకుని అందులోనే ఉప్పు వేయండి. మిగతాది కదలకుండా ఫ్రిజ్‌లో ఉంటే నాలుగైదు రోజులు నిలుస్తుంది. సోమ, మంగళవారాల్లో పొంగు ఎక్కువగా ఉంటుంది కనుక ఇడ్లీలు. బుధవారానికి కొంచెం పులుపెక్కుతుంది కనుక దోసెలు. గురు, శుక్రవారాలకు మిగిలినదాంట్లో ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు, వేయించిన శనగపప్పు కలిపి గుంత పొంగనాలు. పుల్లటి పిండి పొంగనాల్లో తినబుద్ధవుతుంది, ఇడ్లీల్లో తినబుద్ధి కాదు. ఫ్రిజ్ లోంచి తీసిన పిండి చల్లగా ఉన్నప్పుడే ఇడ్లీ రేకుల్లో పోస్తే ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, మధ్యలో గట్టిగా మిగులుతుంది. ఇంట్లో ఎవరు ముందు లేస్తే వారు పిండి గిన్నె బయట పెట్టి స్నానానికి వెళ్లాలని ఒక కట్టుబాటు పెట్టుకోండి.

రుబ్బుకునే తీరిక లేని వారం పిండి పాకెట్ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. దాని మీద తేదీ చూసి, పాకెట్ ఉబ్బి ఉంటే ఇడ్లీకి కాక దోసెకు వాడుకోండి.

నిలబడే సమయాన్ని బట్టి టిఫిన్ ఎంచుకోండి

టిఫిన్ ఎంతసేపట్లో అవుతుందన్న దాని కంటే, అంతసేపూ పొయ్యి దగ్గర మీరు నిలబడాలా వద్దా అన్నదే ముఖ్యం. నాలుగు రేకుల ఇడ్లీ పాత్రలో ఒకేసారి పదహారు ఇడ్లీలు వస్తాయి. నీళ్లు మరిగిన తరువాత రేకులు పెట్టి మూత వేస్తే, పది పన్నెండు నిమిషాలు మీరు పిల్లల జడలు వేయవచ్చు, డబ్బాలు సర్దవచ్చు. పొయ్యి కట్టేసి మూడు నిమిషాలు ఆగి, తడి చేసిన చెంచాతో తీస్తే ఇడ్లీ రేకుకు అంటుకోదు.

దోసె సంగతి వేరు. మనిషికి మూడు చొప్పున నలుగురికి పన్నెండు దోసెలు, ఒక్కొక్కదానికి రెండు నిమిషాలు అనుకున్నా ఒక పెనం మీద ఇరవై నాలుగు నిమిషాలు నిలబడాలి. పోసేవారు ఒకరు, తినేవారు ముగ్గురు. చివరి దోసె పెనం మీద ఉండగానే బస్సు వెళ్లిపోతుంది, పోసినవారు తినకుండానే బయలుదేరుతారు. అందుకే నా లెక్కలో దోసె సెలవురోజు టిఫిన్. మరీ తప్పనిసరైతే బుధవారం రెండు పెనాలు పెట్టండి, లేదా పెద్దవారికి దోసె మానేసి పిల్లలకు మాత్రమే పోయండి. పెసరట్టుకు పులియబెట్టే పని లేకపోయినా, రాత్రి నానబెట్టిన పెసలు పొద్దున రుబ్బాలి, ఆపైన దోసెలాగానే నిలబడాలి. అది కూడా ఆదివారానికే వదిలేయడం మేలు. పొంగనాల పెనంలో మాత్రం ఒక విడతకు ఏడు వస్తాయి, మూత పెట్టి పక్కకు వెళ్లవచ్చు, ఒక్కసారి తిప్పితే చాలు.

ఉప్మా రవ్వ ముందే సిద్ధం చేసుకునే విధానం

ఉప్మా అంటే ముఖం చిట్లించేవారు ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. అయితే రవ్వ సరిగా వేగక, నీళ్లు చాలక, హడావిడిలో ఉండలు కట్టిన ఉప్మాయే వారు ఎక్కువగా తిని ఉంటారు. అరకిలో బొంబాయి రవ్వకు ఐదారు చెంచాల నూనె వేడి చేసి, ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, గుప్పెడు శనక్కాయ విత్తనాలు వేయించండి. కరివేపాకు పూర్తిగా గలగలలాడేదాకా వేగాలి. ఆకులో తడి మిగిలితే సీసాలోని రవ్వ అంతా మెత్తబడుతుంది. అందులోనే రవ్వ పోసి సన్నని సెగ మీద ఎనిమిది పది నిమిషాలు, రంగు మారకుండా కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, ఆరబెట్టి, డబ్బాలో పోసుకోవాలి. రెండు వారాలకు ఇబ్బంది ఉండదు.

పొద్దున చేయవలసింది ఇంతే. గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల నీళ్లు, ఉప్పు, తరిగిన పచ్చిమిర్చి, అల్లం ముక్కలు గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టండి. క్యారెట్టు, బీన్స్ వేయాలనుకుంటే సన్నగా తరిగి ఆ నీళ్లలోనే నాలుగు నిమిషాలు ఉడకనివ్వండి, విడిగా వేయించే పని తప్పుతుంది. నీళ్లు తెర్లుతున్నప్పుడు సెగ తగ్గించి, ఒక చేత్తో రవ్వ ధారగా పోస్తూ మరో చేత్తో కలిపి, మూత పెట్టి మూడు నిమిషాలు ఆగండి. దించిన తరువాత నిమ్మరసం పిండండి. నలుగురికి రెండు గ్లాసుల రవ్వ సరిపోతుంది. సేమ్యా కూడా ఇలాగే ముందుగా వేయించి పెట్టుకోవచ్చు, దానికి నీళ్లు గ్లాసుకు రెండు చాలు.

కుక్కర్‌కు అప్పగించే పొంగలి

ధనుర్మాసంలో తిరుమల శ్రీవారిని సుప్రభాతానికి బదులు తిరుప్పావై పాశురాలతో మేల్కొలుపుతారు. ఆ నెలరోజులూ మన వైపు చాలా ఇళ్లలో తెల్లవారుజామునే పొంగలి వండుతారు. చీకటితో లేచి, స్నానం చేసి, పూజ చూసుకుంటూ వండగలిగే వంట అది. ఉద్యోగస్తుల ఇంటికి ఏడాది పొడవునా పనికొచ్చే లక్షణం కూడా అదే. గ్లాసు బియ్యానికి అర గ్లాసు పెసరపప్పు, ఐదు గ్లాసుల నీళ్లు. పెసరపప్పును వారానికి సరిపడా ఒకేసారి దోరగా వేయించి ఉంచుకోండి. రాత్రి పడుకునే ముందు బియ్యం, పప్పు కొలిచి కుక్కర్‌లోనే పోసి మూత వేయండి. చిన్న గిన్నెలో జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, జీడిపప్పు తీసి పక్కన పెట్టండి.

లేవగానే బియ్యం కడిగి, నీళ్లు, ఉప్పు వేసి కుక్కర్ పొయ్యి మీద పెట్టాలి. నాలుగు కూతలకు పావుగంట, ఆవిరి తనంతట తాను దిగడానికి మరో పది నిమిషాలు పడుతుంది గనుక ఇది ఉదయం చేసే పనుల్లో మొదటిదై ఉండాలి, చివరిది కాకూడదు. ఆవిరి దిగకముందే చల్లనీళ్ల కింద పెట్టి మూత తీస్తే పొంగలి చిక్కబడదు, నీళ్లు విడిగా తేలతాయి. రెండు చెంచాల నెయ్యిలో తిరగవాత పెట్టి, అల్లం తురుము వేసి కలపండి. చల్లారేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి డబ్బాలో పెట్టేటప్పుడు అర గ్లాసు వేడినీళ్లు కలిపి పలుచన చేయండి. పక్కకు రాత్రి సాంబారు మిగిలి ఉంటే సరే, లేకపోతే ఊరుబిండి పొడి ఉండనే ఉంది.

రాగి, సద్ది, మిగిలిన అన్నం

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత రాగి జావ పట్టణాల్లో మళ్లీ గౌరవం పొందింది గాని, మన పల్లెల్లో అది ఎన్నడూ పోయింది లేదు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యం, గోధుమలు దీని దరిదాపుల్లోకి రావు. జావ ఉండలు కట్టకుండా రావాలంటే పిండిని ఎప్పుడూ చల్లనీళ్లలోనే కలపాలి. రాత్రి ఆరు చెంచాల రాగిపిండిని రెండు గ్లాసుల నీళ్లలో కలిపి మూత పెట్టి వదిలేయండి. తెల్లవారేసరికి కొంచెం పులిసి, త్వరగా ఉడకడానికి అనువుగా ఉంటుంది. పొద్దున ఐదు గ్లాసుల నీళ్లు మరిగించి, నానిన పిండిని అడుగు నుంచి కలిపి అందులో పోస్తూ, ఆరేడు నిమిషాలు తిప్పుతూ ఉంటే పచ్చివాసన పోయి రంగు ముదురుతుంది.

పెద్దవారికి చల్లార్చి, మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ వేసి ఇవ్వండి. పిల్లలకు చిత్తూరు బెల్లం తరిగి వేయవచ్చు, కాని బెల్లం, పాలు రెండూ కలిపి మరిగించకండి, పాలు విరుగుతాయి. బెల్లం కలిపిన జావ గోరువెచ్చగా అయ్యాకే కాచిన పాలు పోయాలి. రాత్రి సంగటి ముద్ద మిగిలితే దాన్ని నీళ్లలో ఉంచి పొద్దున మజ్జిగలో పిసికి తాగడం పాత పద్ధతే, దానికి పొయ్యి కూడా వెలిగించనక్కర లేదు.

అన్నం విషయంలో జాగ్రత్త అవసరం. వండినప్పుడు కూడా చావని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు అన్నంలో ఉంటాయి. వెచ్చని వంటగదిలో గంటల తరబడి వదిలేస్తే అవి పెరిగి వాంతులు కలిగించే విషాన్ని తయారు చేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి మరునాటి చిత్రాన్నం కోసం ఉంచే అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరబెట్టి, గంటలోపు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లబడిన అన్నం మెతుకు మెతుకుగా విడిపోతుంది కనుక చిత్రాన్నానికి వేడి అన్నం కంటే ఇదే నయం. నూనెలో ఆవాలు, శనగపప్పు, శనక్కాయ విత్తనాలు, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు వేయించి, అన్నం కలిపి ఆవిరి వచ్చేదాకా బాగా వేడి చేసి, పొయ్యి కట్టేసిన తరువాతే నిమ్మరసం పిండాలి. నిమ్మరసం పొయ్యి మీద కాగితే చేదెక్కుతుంది.

సద్దన్నం వేసుకునేవారు పూర్తిగా చల్లారిన అన్నాన్ని మెతుకులు మునిగేలా నీళ్లు పోసి, మట్టిపాత్రలో మూత పెట్టి ఉంచాలి. ఎండాకాలంలో దాన్ని ఏడు గంటలలోపే తినేయండి. జిగురు కనిపించినా, పులుపు వాసన కాక వేరే వాసన వచ్చినా పారేయండి. ఇంటి బయట ఎండలో పని చేసేవారికి పెరుగు, ఉప్పు, పచ్చి ఎర్రగడ్డ, ఒక మిరపకాయతో సద్దన్నం ఎంతో హాయిగా ఉంటుంది.

కడుపు నిండేది కావాలనుకుంటే గుగ్గిళ్లు ఉన్నాయి. రాత్రి అలసందలు నానబెట్టి, పొద్దున కుక్కర్‌లో రెండు కూతలు రానిచ్చి, తిరగవాత పెట్టి, టెంకాయ కోరు చల్లితే అయింది. చలికాలంలో చిక్కుడు జాతి అనపకాయలు వచ్చినప్పుడు పచ్చి గింజలకు నానబెట్టే పని కూడా లేదు. ముందురోజు సాయంత్రం టీవీ ముందు కూర్చుని అందరూ కలిసి ఒలిచి పెట్టుకుంటే సరి. నానిన అనప గింజలను పొట్టులోంచి పితికి వండే పితికిపప్పు చేయాలనుకుంటే మాత్రం తీరిక రోజు చూసుకోండి.

పొద్దున పనుల వరుస

ఏడున్నరకు అందరూ బయటపడాలనుకుందాం. ఆరు గంటలకు ముందు లేచినవారు పిండి గిన్నె బయట పెట్టి, ఒక పొయ్యి మీద పాలు, మరో పొయ్యి మీద ఇడ్లీ పాత్రలో నీళ్లు, లేదా పొంగలి కుక్కర్ పెట్టాలి. కాఫీ తాగే లోపు నీళ్లు మరుగుతాయి. ఆరున్నరకు రేకులు లోపల పెట్టి స్నానానికి వెళ్లవచ్చు. ఆరూ నలభై ఐదుకు రెండోవారు పొయ్యి కట్టేసి, ఊరుబిండి కలిపి, నెయ్యి గిన్నె తీయాలి. ఇందులో పనుల కంటే పంపకం ముఖ్యం: పొయ్యి కట్టేసే బాధ్యత ఎవరిదో ముందే చెప్పుకోకపోతే ఇద్దరూ ఎదుటివారు చూస్తారనుకుంటారు, ఇడ్లీ పాత్ర అడుగంటుతుంది. వంట ఒక్కరి పనిగా మిగిలిపోయిన ఇంట్లో ఏ ప్రణాళికా వారం రోజులు నిలవదు. పదేళ్లు దాటిన పిల్లలు ఎర్రగడ్డ ఒలవడం, పొడిలో నీళ్లు కలపడం, నీళ్ల సీసాలు నింపడం సులభంగా చేయగలరు.

రాత్రి పని కూడా ఒక వరుసలో పెట్టుకోండి. గిన్నెలు కడిగాక పప్పో రాగిపిండో నానబెట్టడం, బియ్యం కొలవడం, తిరగవాత గింజలు చిన్న గిన్నెలో తీయడం, మిర్చి తొడిమలు తీసి డబ్బాలో వేయడం, కరివేపాకు కడిగి గుడ్డ మీద ఆరబెట్టడం. గ్యాస్ బండ చివరికి వచ్చిందని అనుమానం ఉంటే రాత్రే మార్చేయండి.

ఏమీ సిద్ధం చేయలేని రోజు

పెళ్లికి వెళ్లి అర్ధరాత్రి ఇల్లు చేరిన మరునాడు పిండీ ఉండదు, నానబెట్టినదీ ఉండదు. అలాంటి రోజుకు డబ్బాలో బొరుగులు ఉంటే చాలు. అనంతపురం, కర్నూలు వైపు దీన్ని ఉగ్గాని అని అంగట్లో మిరపకాయ బజ్జీలతో అమ్ముతారు. బజ్జీలు లేకపోయినా ఇంట్లో పని జరుగుతుంది. నలుగురికి ఎనిమిది పెద్ద గ్లాసుల బొరుగులు తీసుకుని, బాణలిలో తిరగవాత వేగుతుండగా ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, టమాటా, పసుపు, ఉప్పు వేసి మగ్గనివ్వండి. టమాటా మెత్తబడిన తరువాతే బొరుగులను నీళ్లలో వేసి, నిమిషంలో రెండు చేతులతో గట్టిగా పిండి బాణలిలో వేయాలి. ముందే తడిపి పెట్టుకుంటే ముద్దయిపోతాయి. రెండు నిమిషాలు కలిపి, పొయ్యి కట్టేసి, పప్పుల పొడి మూడు చెంచాలు, నిమ్మరసం, కొత్తిమీర చల్లితే మొత్తం పది నిమిషాల పని.

పొయ్యి వెలిగించే ఓపిక కూడా లేకపోతే, అటుకులను కడిగి, పెరుగు, ఉప్పు, తరిగిన మిరపకాయ కలపండి. పిల్లలకైతే బెల్లం, అరటిపండు ముక్కలు, కాచి చల్లార్చిన పాలు. మందపాటి అటుకులైతే పది నిమిషాలు నానాలి, పలచటివైతే కడిగి వెంటనే వంపేయాలి.